చుక్కలతో సహా

ఆ ఫోను పొద్దున కౌంటరు తెరిచే వేళకే వచ్చింది. ఆ వేళకు ఆ నంబరు కనిపిస్తే ఏం చెయ్యాలో నన్నడక్కుండానే నా నోటికి తెలుసు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని, స్క్రీను కింది మూలకు చూసి, "నాలుగు చుక్క రెండు చుక్క ఏడు సార్" అని చదివేశాను. రోజూ వచ్చే "సరేప్పా" రాలేదు. సరిగ్గా వినబడలేదేమోనని మళ్ళీ చదివాను, ఈసారి గట్టిగా, కాస్త విసుగ్గా కూడా. అప్పుడు ఒక ఆడమనిషి గొంతు, "అప్పా, నేను ఆయన ఇంటామెను. ఆయన పోయినాడప్పా. తెల్లార్తో కాఫీ ఇస్తే అందుకోలేదు" అంది.

ఇదీ నా తెలివి! చావు కబురు చెప్పడానికి ఫోను చేసిన మనిషికి కంప్యూటరు అంకె రెండుసార్లు చదివి వినిపించాను. సిగ్గుతో చచ్చిపోయి, "అయ్యో అమ్మా" అన్నాను. ఆమె ఏడుస్తూ ఏడుస్తూనే, "నువ్వు చదివింది సరిగ్గా ఉండాదా నాయనా?" అని అడిగింది. ఇన్నేళ్ళుగా పొద్దున్నే ఆ ఇంట్లో ఆ ఫోన్లు వినీ వినీ ఆమెకూ ఆ ఆరాటం అంటుకున్నట్టుంది. "ఉండాదమ్మా" అన్నాను.

మాది రక్తపరీక్షల ల్యాబు. అసలు ల్యాబు హిందూపురంలో ఉంది. పెనుకొండ, ధర్మవరం, మడకశిర, తనకల్లులో బ్రాంచీలు. బ్రాంచీల్లో మేం రక్తం తీసి హిందూపురం పంపిస్తాం. అక్కడ పరీక్ష చేసి ఫలితం కంప్యూటర్లో ఎక్కిస్తే, మేం ఇక్కడ కాగితం మీద ప్రింటు తీసి ఇస్తాం. నేను ధర్మవరం బ్రాంచీలో టెక్నీషియన్ని. కౌంటరూ నేనే, ఫోనూ నేనే, వచ్చినవాళ్ళ తిట్లు తినేదీ నేనే. ఆయన హిందూపురంలో కూర్చుని ఈ కంప్యూటర్లన్నిటినీ చూసుకునే మనిషి. ఆయన హోదాకు ఇంగ్లీషులో పొడుగాటి పేరేదో ఉండేది. మేం మాత్రం, ఆయన లేనప్పుడు, అంకెల సారు అనేవాళ్ళం.

అయిదు ఊళ్ళ కంప్యూటర్లలో ఒకే సాఫ్ట్‌వేర్, అది కూడా ఒకే వెర్షను ఉండేట్టు చూడటం ఆయన పని. వినడానికి ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. బెంగుళూరు కంపెనీ వాళ్ళు అప్పుడప్పుడూ కొత్త వెర్షను పంపేవాళ్ళు. అది వచ్చిందంటే చాలు, ఆయనకు అన్నం దిగేది కాదు. తనకల్లులో కరెంటు ఉంటే నెట్టు ఉండదు, నెట్టు ఉంటే కరెంటు ఉండదు. మడకశిరలో ఎవరో సినిమాలు ఎక్కించుకుని కంప్యూటరంతా నింపేసేవాళ్ళు. నాలుగు చోట్ల కొత్తది ఎక్కి ఒకచోట పాతది మిగిలిందనుకోండి, అదే ఫలితం ఒకచోట ఒక రకంగా, ఇంకోచోట ఇంకో రకంగా కనిపించవచ్చు. కనిపిస్తుందని కాదు, కనిపించవచ్చు. ఆయనకు ఆ 'వచ్చు' చాలు.

ఆయన ముందున్న స్క్రీను మీద బ్రాంచీకొక దీపం బొమ్మ ఉండేది. పచ్చగా వెలిగితే ఆ బ్రాంచీలో కొత్త వెర్షను ఉన్నట్టు. ఆయన దాన్ని చూసేవాడు కానీ నమ్మేవాడు కాదు. "పచ్చదీపం మెషీను చెప్పే మాటప్పా. నాకు మెషీను ముందర కూర్చున్న మనిషి చెప్పల్ల" అనేవాడు. అందుకని మొదట్లో మమ్మల్ని స్క్రీను కింది మూల కనిపించే వెర్షను అంకె పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాడు. పెనుకొండ బ్రాంచీ చూసే రమణమ్మ ముందుగా పెట్టేది. దాన్నే తీసి మిగతా వాళ్ళం అతికించేవాళ్ళం. స్క్రీను కింది మూలకు ఎవడు చూస్తాడు? ఒకరోజు ఆయనే తెలిసి తెలిసి ఒక తప్పుడు అంకె ముందుగా గ్రూపులో వేసి కూర్చున్నాడు. టీ చల్లారేలోగా అన్ని బ్రాంచీల నుంచీ అదే తప్పుడు అంకె వచ్చి పడింది. మర్నాటి నుంచి ఒక్కొక్కరికీ విడివిడిగా ఫోను మొదలైంది.

"ఏమప్పా, చదువు."

"నిన్నటిదే సార్. అదే."

"'అదే' అనేది అంకె కాదప్పా. చదువు."

"నాలుగు, రెండు, ఒకటి."

"చుక్కలు యాడ పోయినాయి?"

ఇలా రోజూ. పండగా లేదు, పబ్బమూ లేదు. అబ్బబ్బా, ఎంత విసుగొచ్చేదో! అవతల ఆయన వక్క నములుతున్న చప్పుడు, మధ్యమధ్యలో బాల్‌పెన్ను టిక్కు టిక్కుమని నొక్కుతున్న చప్పుడు వినిపించేవి. చదవడం అయ్యాక "సరేప్పా" అని ఒక నిట్టూర్పు విడిచేవాడు. మరుసటి బ్రాంచీకి ఫోను చేసేదాకా ఆయనకు దొరికే నెమ్మది అంతే.

బ్రాంచీకి వచ్చినప్పుడు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, స్క్రీను దగ్గరికి వంగి చూసేవాడు. కంగారు పుడితే ఒక కాలు చెప్పులోంచి తీసి రెండో పాదం మీద రుద్దుకుంటూ నిలబడేవాడు. ఆ కాలు చెప్పులోంచి బయటికి వచ్చిందంటే ఏదో మూడిందని మాకు తెలిసిపోయేది.

ల్యాబు బయటా ఆ రోగం వదిలేది కాదు. మడకశిర బ్రాంచీలో పనిచేసే అతను తన పెళ్ళికార్డు ఇచ్చాడు. ఆ పక్క వాళ్ళ కార్డులు ఒకవైపు తెలుగులో, ఒకవైపు కన్నడంలో ఉంటాయి. ఎవరికి వచ్చిన వైపు వాళ్ళు చదువుకుంటారు. ఈయన మాత్రం కార్డు అటు తిప్పి ఇటు తిప్పి, మళ్ళీ అటు తిప్పి, "ఏమబ్బా, తెలుగులో ముహూర్తం తొమ్మిదికి ఉండాది, కన్నడంలో ఆరుకుండాది. ఈ పక్కోళ్ళు వచ్చేతలికి ఆ పక్కోళ్ళు భోంచేసి పోతారు గదా!" అన్నాడు. కార్డులు అప్పటికే సగం ఊళ్ళకు పంచేశారు. పెళ్ళికొడుకు తండ్రి, "శుభమా అని కార్డిస్తే తప్పులెతుకుతాడేం ఈ మనిషి" అని సణుక్కుంటూనే, కన్నడం చుట్టాలందరికీ కూర్చుని ఫోన్లు చేసుకున్నాడు.

ఆయన పుట్టింది మా ధర్మవరంలోనే, మగ్గాల ఇంట్లో. ఒకసారి టీ అంగడి దగ్గర నేను వేళాకోళంగా, "ఎందుకు సార్ ఇంత భయం? వెర్షను ఒకరోజు అటూ ఇటూ అయితే కొంపలు మునుగుతాయా?" అన్నాను. ఆయన నవ్వలేదు.

"మగ్గం మీద పాత వార్పు, అదే నిలువు పోగులు, అయిపోతానే, కొత్త వార్పు పోగుల్ని పాతవాటి కొసలకు ఒక్కొక్కటే అతకల్లప్పా. మా అవ్వ పని అదే. ఒక పోగు పోయి పక్కదానికి అతుక్కుందనుకో, ఆ పొద్దు ఏమీ కనపడదు. చీర నేస్తా నేస్తా ఉంటే కనపడతాది. అప్పుడు యాడని విప్పుతావు?"

"మీ అవ్వ ఎప్పుడన్నా తప్పు అతికిందా సార్?"

"ఒకసారి. పెండ్లి చీరకు." అంతే. వక్క నోట్లో వేసుకుని బస్టాండు వైపు నడిచాడు.

ఇన్ని మాటలెందుకు? ఆ దసరా చెబితే ఆయన్ని మీకు చూపించినట్టే.

ఆయుధపూజ నాడు మా పక్క పనిముట్లన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ బెల్లమూ పంచుతాం. పూజ చేసినదాన్ని ఆ రోజు ముట్టుకోం. మగ్గమైనా అంతే, మోటారైనా అంతే. హిందూపురంలో ఆసుపత్రుల పని ఆగదు కనుక అక్కడ హారతి ఇచ్చి వెంటనే మెషీన్లు నడుపుకునేవాళ్ళు. బ్రాంచీల్లో మాత్రం పూజే పూజ. ఆ ఏడాది పండగకు ముందే ఒక పెద్ద వెర్షను వచ్చింది. ఆయన నానా తిప్పలు పడి అయిదు ఊళ్ళలోనూ ఎక్కించాడు. అన్ని దీపాలూ పచ్చగా ఉన్నాయి. పూజనాడు పొద్దున్నే రమణమ్మకు ఫోను చేస్తే ఆమె, "సార్, కంప్యూటరుకు పసుపు కుంకం పెట్టినాం. ఈ పొద్దు ముట్టం. రేపు చదువుతా" అంది. దేవుడి పేరు చెబితే ఎవరేం అనగలరు? "సరేమ్మా" అన్నాడట. ఆ తర్వాత నాకు ఫోను చేసి, "పెనుకొండ చదవలేదప్పా" అన్నాడు. కాసేపటికి మళ్ళీ చేసి మళ్ళీ అదే మాట.

"పండగ పూట బొరుగులు తిని పడుకోండి సార్!" అన్నాను.

"తింటాలే" అన్నాడు. తినలేదని తర్వాత తెలిసింది.

మర్నాడు దశమి. ల్యాబుకు సెలవు. నేను తలంటుకుని కొత్త చొక్కా వేసుకుంటుంటే ఫోను. గొంతు వేరేగా ఉంది.

"ఏమప్పా, పూజలో ఉండే మెషీను కాగితం ఎట్ల ఇస్తాది?"

"ఏం మెషీను సార్?"

"నిన్న పెనుకొండలో ఒక రిపోర్టు ప్రింటయ్యిందప్పా. ఇప్పుడే చూసినా. వెర్షను పాతది."

జరిగింది ఇది. నిండు చూలాలు ఒకమ్మాయి, పేరు అనిత, పెనుకొండ దగ్గర పల్లెలో కోడలు. భర్తతో బెంగుళూరులో ఉన్నప్పుడు రాయించుకున్న ఆసుపత్రి కార్డు అక్కడే పోయింది. కాన్పుకు ధర్మవరంలో పుట్టింటికి పోతూ, పరీక్షలన్నీ మళ్ళీ చేయించుకోవడానికి పెనుకొండ బ్రాంచీలో రక్తం ఇచ్చింది. పూజనాడు మధ్యాహ్నం రిపోర్టు కోసం వచ్చి, "నడుము నొప్పిగా ఉండాదక్కా, బిరీన ఇస్తే బండికి పోతా" అంది. పసుపు పెట్టిన కంప్యూటరు ముట్టుకోవడానికి రమణమ్మకు చేతులు రాలేదు. కడుపుతో ఉన్న పిల్లను ఉత్త చేతుల్తో పంపడానికి మనసు రాలేదు. దాంతో లోపలి గదిలో దూది మూటల కింద మూలపడి ఉన్న పాత కంప్యూటరును బయటికి లాగి, ప్రింటరుకు తగిలించి, కాగితం తీసి ఇచ్చింది. దేవుడికీ తప్పు చెయ్యలేదు, మనిషికీ తప్పు చెయ్యలేదనుకుంది. నేనైనా అదే చేసి ఉండేవాణ్ణి.

ఆ పాత కంప్యూటరును పక్కన పడేసినప్పుడే ఆయనే లెక్కలోంచి తీసేశాడు. లెక్కలో లేనిదానికి దీపమూ లేదు. అందుకే అంతా పచ్చగా కనిపించింది. కానీ దాని లోపల పాత సాఫ్ట్‌వేర్ అలాగే ఉంది, హిందూపురంతో మాట్లాడే దారీ అలాగే ఉంది.

పాత వెర్షనులో రక్తం గ్రూపు, అది పాజిటివా నెగిటివా అన్నది, రెండూ కలిపి ఒకే గడిలో ఉండేవి. కొత్త వెర్షనులో రెండు గడులు చేశారు. పాతదానికి ఆ రెండో గడి కనబడదు. కనబడకపోతే అది పాజిటివ్ అనుకుని ప్రింటు చేస్తుంది. అనితది బి నెగిటివ్ అని హిందూపురంలో ఎక్కించారు. పెనుకొండలో ఆమె చేతికి వచ్చిన కాగితం మీద బి పాజిటివ్ అని ఉంది.

అది వింటూనే బండి తాళంచెవి వెతుక్కున్నాను. ఈ వృత్తిలో ఉన్నవాడికి విడమరిచి చెప్పక్కర్లేదు, మీకు చెబుతాను. తల్లిది నెగిటివ్ అయి, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పైన మూడు రోజుల్లోపల తల్లికి ఒక సూది వెయ్యాలి. వెయ్యకపోతే ఈ బిడ్డకేమీ కాదు. ముందు ముందు ఆమె కడుపున పడే బిడ్డను ఆమె రక్తమే పగవాడనుకుని దెబ్బ తీస్తుంది. కాగితం మీద పాజిటివ్ అని ఉంటే ఏ డాక్టరు ఆ సూది వేస్తాడు?

"ఫోన్ నంబరు లేదా సార్?"

"మొగునిది ఇచ్చినారు. స్విచ్చాఫ్. యా ఆసుపత్రో రమణమ్మకు తెలీదు. నువ్వు వెతకతా ఉండప్పా. నేను రైలెక్కతాండా."

కొత్త చొక్కా సగం గుండీలతోనే బండి తీశాను. దశమినాడు ధర్మవరంలో ఎవరు పని చేస్తారు? మొదటి ఆసుపత్రిలో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. రెండోదానిలో నర్సు, "పేరొకటే చెప్తే ఎట్ల? ఇంటిపేరు? ఊరు?" అని పోలీసు లాగ అడిగి, చివరికి లేదు పొమ్మంది. ఈలోగా ఆయన ఫోను మీద ఫోను.

"దొరికిందా?"

"లేదు సార్."

రైలు ఇంకో స్టేషను దాటి ఉంటుంది, మళ్ళీ. "దొరికిందా?"

"సార్, మీరు ఫోను పెట్టేస్తే గదా నేను వెతికేది!" అని అరిచేశాను. నడిరోడ్డు మీద. ఆయన మెల్లగా "సరేప్పా" అన్నాడు. నేను బండి స్టార్టు చేసేలోపల మళ్ళీ మోగింది.

మార్కెట్టు వెనక చిన్న నర్సింగ్ హోమ్ ముందర ఒక ఆటో ఆగి ఉంది. అందులో చాప, ఫ్లాస్కు, బట్టల మూట. మెట్ల మీద ఒక పెద్దామె పసిబిడ్డను గుడ్డలో చుట్టి పట్టుకుని, "కానీండే, పండగ పూట ఇంట్లో దీపం పెట్టల్ల" అని లోపలికి కేకేస్తోంది. నాకెందుకో అనుమానం వచ్చింది.

"అమ్మా, మీ కూతురి పేరు అనితనా?"

"ఔ. నువ్వెవరప్పా?"

దేవుడా అనుకున్నాను. నిన్న సాయంత్రమే కాన్పయింది. ఆడపిల్ల. మరికాస్త ఆలస్యమైతే మగ్గాల వీధుల్లో ఏ ఇంట్లో వెతికేవాణ్ణి? ఆటో తాళంచెవి లాగేసి జేబులో వేసుకున్నాను. ఆటో అతను నన్ను కొట్టడానికి వచ్చాడు. పెద్దామె నన్ను దొంగనుకుంది. ఆ గొడవ మధ్యలోనే ఫోనులో చోటు చెబితే, ఆయన స్టేషను నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

నేనైతే డొంకతిరుగుడుగా ఏదో చెప్పేవాణ్ణి. ఆయన నేరుగా ఆమె ముందుకు పోయి, "అమ్మా, మేమిచ్చిన కాగితం తప్పు. తప్పు మాది" అన్నాడు.

"తప్పు కాగితం యాల ఇచ్చినారప్పా? మీ చేతులిరగ! పచ్చి బాలింతను ఈడ నిలబెడతారా? మీ మెషీన్ల మొగం మండ!"

"తిట్టమ్మా. తిట్టినాక మీ కూతురి వేలు ఒక్కసారి ఇప్పించు. మళ్ళా చూస్తాం."

అప్పటికి డాక్టరమ్మ జమ్మి ఆకు చేత్తో పట్టుకుని వచ్చింది. విషయం విని, "నోటి మాట మీద నేను సూది వెయ్యను. నా కళ్ళ ముందర పరీక్ష చెయ్యండి" అంది. న్యాయమే. ఆమె గదిలోనే తెల్లటి పలక మీద అనిత రక్తం మూడు చోట్ల వేసి, మా బ్రాంచీ నుంచి తెచ్చిన మూడు పరీక్ష మందులు కలిపాను. పలక అటూ ఇటూ వంచుతున్నాను. మొదటిది కదలక మెదలక అలాగే ఉంది. మధ్యది విరిగిన పాలలా గడ్డలు కట్టింది. బి గ్రూపు. మూడోది గడ్డకడితే పాజిటివ్, కట్టకపోతే నెగిటివ్. అందరమూ వంగి దానివైపే చూస్తున్నాం. అనిత మంచం మీద నుంచి, "ఏమన్నా, బిడ్డకేమన్నా అవుతాదా?" అని అడుగుతోంది. నా పక్కన ఆయన కాలు చెప్పులోంచి బయటికి వచ్చి రెండో పాదాన్ని రుద్దుతోంది.

మూడోది గడ్డకట్టలేదు.

బిడ్డ రక్తం చూస్తే పాజిటివ్. ఇక సందేహం లేదు, సూది వెయ్యాల్సిందే. ఆ సూది అక్కడ లేదు. మందుల అంగళ్ళన్నీ మూసి ఉన్నాయి. నాకు తెలిసిన ఒక అంగడాయన్ను పండగ భోజనం మీద నుంచి లేపుకొచ్చి, ఫ్రిజ్‌లో ఉన్న ఒకే ఒక్కదాన్ని ఐసు డబ్బాలో పెట్టుకుని తెచ్చాను. అది ఆమె ఒంట్లోకి పోయేదాకా ఆయన కూర్చోలేదు.

తర్వాత అనిత మంచం దగ్గరికి పోయి, "అమ్మా, ఇంగ మీద మా ల్యాబులో యా ఊర్లో కాగితం తీసుకున్నా, ముందర ఆ కంప్యూటర్లో కింది మూల అంకె చదవమను. చదివినాకనే తీసుకో" అన్నాడు. ఆ పిల్లకు ఏం అర్థమైందో, తలూపింది. పెద్దామె మాత్రం, "ఇంత చేసి మళ్ళా అంకెలంటాడు" అని నుదురు కొట్టుకుంది.

బయట మెట్ల మీద కూర్చుని జేబులోంచి పూజనాటి బొరుగుల పొట్లం తీశాడు. మెత్తబడిపోయాయి. నాకు సగం పెట్టాడు. అయిపోయింది గదా సార్ అన్నాను.

"యాడయిపోయింది? సూది పనిచేసిందో లేదో, ఆ పిల్ల మళ్ళా కడుపుతో ఉన్నప్పుడు రక్తం చూస్తే గదా తెలిసేది" అన్నాడు.

తిరుగు రైల్లో పెనుకొండలో దిగాడు. రమణమ్మ ఏడుస్తూ ఎదురొచ్చిందట. "దేవునికి పెట్టినదాన్ని ముట్టకపోవడం తప్పు కాదమ్మా. పాతదాన్ని లెక్కలోంచి తీసేసి, బతికుండగా వదిలిపెట్టినా చూడు, అదీ తప్పు" అని, దాన్ని విప్పి లోపలి డిస్కు తీసి సంచిలో వేసుకుని పోయాడు. మరుసటి ఏడాది నుంచి మా నాలుగు బ్రాంచీల్లోనూ ఆయుధపూజ మౌసుకు మాత్రమే. పూజకు ఒక మౌసు, పనికి ఒక మౌసు. దేవుడేమీ అనుకున్నట్టు లేదు.

అనిత సంగతి మాత్రం ఆయన మనసులోంచి పోలేదు. పొద్దుటి ఫోనులో అంకె చదవడం అయ్యాక, ఒక్కోరోజు, పెట్టేయబోతూ ఆగి, "ఆ పిల్ల వచ్చిందా?" అనేవాడు. ఏ పిల్లని నేను అడిగేవాణ్ణి కాదు. "రాలేదు సార్" అనేవాణ్ణి. "సరేప్పా." ఆ నిట్టూర్పులో మాత్రం నెమ్మది ఉండేది కాదు. ఒకసారి విసుగొచ్చి, "రాకపోతే మంచిదే గదా సార్, ఏ ఇబ్బందీ లేనట్టే" అన్నాను. "రాకపోతే తెలీనట్టప్పా. మంచిదని కాదు" అన్నాడు. తెలియకుండానే పోయాడు.

ఆయన పోయాక ఆ కుర్చీలో ఎవర్నీ పెట్టలేదు. బెంగుళూరు కంపెనీ వాళ్ళే అక్కడి నుంచి దీపాలు చూసుకుంటామన్నారు. పొద్దున్నే గ్రూపులో "అన్నీ గ్రీన్" అని ఒక మాట వస్తుంది. మేం చేతులు జోడించిన బొమ్మ పెడతాం. ఫోను మోగదు. మొదటి రోజు హాయిగా ఉందనుకున్నాను. రెండోరోజు ఆ వేళకు ఫోను వైపు చూశాను. తర్వాత రోజూ ఆ వేళకు ఫోను తీసి చేత్తో పట్టుకోవడం మొదలుపెట్టాను. సరిగ్గా చెప్పాలంటే భయం.

ఆయన దినాలు కూడా కాకముందే, ఒక పొద్దున కౌంటరు ముందు ఒకమ్మాయి వచ్చి నిలబడింది. పక్కన కొంగు పట్టుకుని చిన్నపిల్ల. మళ్ళీ నిండు నెలలు.

"అన్నా, గుర్తుపట్టినావా? మొన్న మళ్ళా పెనుకొండలోనే రక్తమిచ్చినా. అమ్మోళ్ళింటికి వచ్చినా గదా, కాగితం ఈడ ఇస్తారన్నారు."

గుర్తుపట్టకపోవడమేమిటి! ఆ సూది పనిచేసిందా లేదా చెప్పే పరీక్షే అది. ఆత్రంగా పేరు కొట్టాను. ఫలితం వచ్చి ఉంది. చదవకుండానే ప్రింటు మీదికి వేలు పోయింది.

"అన్నా, ముందర ఆ కింద అంకె చదువు" అంది అనిత.

"ఏమమ్మా?"

"ఆ సారు చెప్పినాడు గదా. చదివినాకనే తీసుకోమన్నాడు."

నవ్వుతూనే కింది మూలకు చూశాను. నాలుగు చుక్క రెండు చుక్క ఏడు. పైకి చదివాను. చదివాక నవ్వు ఆగిపోయింది. మొన్న సాయంత్రం కొత్తది ఎక్కిస్తున్నామని, చివరి అంకె ఎనిమిది అవుతుందని, గ్రూపులో పెట్టారు. మొన్న సాయంత్రమే మా వీధిలో కరెంటు పోయింది. నాది ఏడు దగ్గరే ఆగిపోయింది. దీపం మాత్రం అక్కడ పచ్చగానే ఉందట.

నా వేలు వెనక్కి వచ్చింది. ఆ కొత్తదానిలో ఏ గడి మార్చారో నాకేం తెలుసు?

"కూర్చోమ్మా. రవ్వంత సేపవుతాది" అన్నాను.

బెంగుళూరు వాళ్ళు, "మాకు గ్రీన్ చూపిస్తోంది కదా సార్" అన్నారు. గ్రీను మీ దగ్గరే పెట్టుకోండి, నా కళ్ళ ముందర ఏడుంది అన్నాను. గొడవపడి, బతిమాలి, మధ్యాహ్నానికి ఎక్కించుకున్నాను. మళ్ళీ కింది మూలకు చూసి, ఆమెకు వినబడేట్టు చదివాను. నాలుగు చుక్క రెండు చుక్క ఎనిమిది. అప్పుడు హిందూపురం ల్యాబుకు ఫోను చేసి, వాళ్ళ దగ్గరున్న ఫలితాన్ని నోటితో చదవమని, నా ముందున్నదానితో పోల్చుకున్నాను. అప్పుడు ప్రింటు తీశాను.

ఆమె రక్తంలో బిడ్డకు కీడు చేసేది ఏదీ లేదు. ఆ దసరా నాటి సూది పనిచేసింది.

"మంచిదేనా అన్నా?"

"మంచిదేనమ్మా. పోయి డాక్టరమ్మకు చూపించు."

"ఆ సారుకు కూడా చెప్పన్నా. పాపం, ఆ పొద్దు మా అమ్మ ఎన్ని తిట్టిందో" అంది. నిండు నెలల మనిషికి చావు మాట చెప్పలేకపోయాను. "చెప్తాలేమ్మా" అన్నాను. ఆమె అటు పోగానే కౌంటరు అద్దం దించేసి ఏడ్చాను. ఏళ్ళ తరబడి ఒక మనిషి ఒకే మాట అడిగితే, ఆ మాటకు జవాబు దొరికిన రోజుకు అడిగే మనిషి లేడు.

ముఖం కడుక్కుని పెనుకొండకు ఫోను చేశాను.

"రమణమ్మా, కింది మూల అంకె చదువు."

"ఏందబ్బా, నీకూ పట్టుకుండాదా ఆ పిచ్చి? గ్రూపులో పెట్టినారు గదా. అదే."

"'అదే' అనేది అంకె కాదమ్మా. చదువు."

రమణమ్మ గొంతు సవరించుకుని, బళ్ళో పిల్ల పాఠం అప్పజెప్పినట్టు, చుక్కలతో సహా చదివింది. ఎనిమిదే.

"సరేమ్మా" అన్నాను. పెట్టేయబోతూ ఆగి, "ఆ పిల్ల వచ్చింది రమణమ్మా. కాగితం బాగుండాది" అన్నాను.

ఆమె ఏడుపు తగ్గేదాకా ఫోను పట్టుకునే ఉన్నాను. తర్వాత మడకశిర నంబరు నొక్కాను.